రాత్రి పదకొండు గంటలకు 38 డిగ్రీలు

మొన్న మే నెలలో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో అవ్వ, అంటే మా అమ్మ, దగ్గరికి పోయేటప్పుడు ఒక థర్మామీటర్ కొనుక్కుని పోయాను. గోడకు తగిలించుకునేది, రెండు వందలు పెడితే దొరుకుతుంది. అవ్వ మంచం తలాపున మేకుకు వేలాడదీశాను. పగలు దాని వంక చూడలేదు. పగటి సంగతి టీవీ చెబుతూనే ఉంటుంది, చంద్రపూర్ 45, చంద్రపూర్ 46 అని. నాకు కావలసింది రాత్రి లెక్క. భోజనాలయ్యి, గిన్నెలు కడిగి, బయట గాలి కాస్త తెరిపినిచ్చింది అనిపించాక లోపలికి వచ్చి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. పదకొండు గంటలకు 38. దాన్నే తీసుకెళ్ళి వాకిట్లో గోడకు పెట్టి, అరగంట ఆగి చూస్తే 33. గడప దాటితే ఐదు డిగ్రీల తేడా. అవ్వకు 74 ఏళ్ళు. ఆమె పడుకునేది ఆ 38లో.

"గోడలు పొద్దందాక తాగిన ఎండని రాత్రంత కక్కుతయి బిడ్డా" అంది అవ్వ. ఆమెకు థర్మామీటర్ అక్కర్లేదు.

వడదెబ్బ గురించి మనం మాట్లాడేదంతా పగటి గురించే. పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి పోకండి, తలకు గుడ్డ కట్టుకోండి, సల్ల తాగండి. ఇవన్నీ మంచి మాటలే, కాదనను. కాని మా బస్తీలో మనుషుల్ని కుంగదీసేది పగలు ఒక్కటే కాదు. పగలంతా కాగిన ఒళ్ళు రాత్రి చల్లారాలి, మళ్ళీ పొద్దున్నే ఎండకు తయారవ్వాలి. ఆ చల్లారే సమయాన్ని ఇల్లే మింగేస్తోంది. ఎండల ప్రణాళిక ఏదైనా సరే రాత్రి నుంచి, ఇంటి పైకప్పు నుంచి, కూలర్‌లో పోసే నీళ్ళ నుంచి మొదలవ్వాలన్నది నా వాదన. ఇది పుస్తకాల్లోంచి తెచ్చింది కాదు, ఆ ఇంట్లో పడుకుని తెలుసుకున్నది.

మా గురించి రెండు మాటలు చెప్పాలి. బల్లార్షా, రాజురా, ఘుగుస్ దిక్కు బొగ్గు గనుల్లో తెలుగు వాళ్ళు తరాలుగా ఉన్నారు. వార్ధా నదికి అవతల ఉన్న రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. మా బాపు, అంటే నాన్న, మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి గనిలో చేరాడు. పని ఉన్నన్నాళ్ళూ క్వార్టర్లో ఉన్నాం. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి కదా, చేతికొచ్చిన డబ్బులో అక్కాచెల్లెళ్ళ పెళ్ళిళ్ళు పోను మిగిలినదాంతో బస్తీలో రెండు గదులు వేసుకున్నాడు. ఇటుక గోడలు, సిమెంటు రేకులు. బాపు పోయి తొమ్మిదేళ్ళు. అవ్వ ఆ ఇల్లు వదిలి నా దగ్గరికి రానంటుంది.

మా గల్లీలో ఇప్పుడు పెంకుటిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా చిన్నప్పుడు సగానికి సగం కవేలు ఇళ్ళే. ఇక్కడ పెంకును కవేలు అంటారు, మేమూ అదే అంటాం. కవేలు కప్పు కింద వెదురు బద్దలు, వాటి మధ్య సందులు, ఆ సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. ఎండాకాలంలో ఆ ఇంట్లో అడుగు పెడితే మట్టి కుండలో చెయ్యి పెట్టినట్టు ఉండేది. మరి ఎందుకు పోయాయి? మనుషులు తెలివి తక్కువై తీసెయ్యలేదు. కొండముచ్చులు గుంపుగా వచ్చి ఇంటి మీద గంతులేస్తే ఒక్క పూటలో యాభై పెంకులు పగిలేవి. ఏటా వానలకు ముందు పెంకు తిరగెయ్యాలి, ఆ పని వచ్చినవాళ్ళు లేకుండా పోయారు, పెంకులు కాల్చే కుమ్మర్లూ మానేశారు. రేకు అయితే ఒక్కసారి బోల్టులు బిగిస్తే పదిహేనేళ్ళు చూడక్కర్లేదు. వానకు భయపడి పైకప్పు మార్చుకున్నాం, అప్పట్లో మా భయం వానే. ఎండ ఇంతవుతుందని ఎవరనుకున్నారు?

రేకు పలచనిది, పొద్దు గుంకాక తొందరగానే చల్లారుతుంది. కాని పగలు పది గంటల పాటు అది పెనంలా కాగుతూ కిందున్న గోడల్ని, బండల్ని, బియ్యం డ్రమ్మును, బీరువాను కాల్చిపెడుతుంది. ఉన్నది ఒక్క కిటికీ. రాత్రి ఆ వేడి బయటికి పోయే దారి లేదు. డబ్బులుండి స్లాబు వేసుకున్నవాళ్ళ పరిస్థితి కూడా అంత మెరుగేం కాదు. స్లాబు మెల్లగా కాగుతుంది, మెల్లగా వదులుతుంది, అర్ధరాత్రి చెయ్యి పైకెత్తి సీలింగ్‌కు ఆనిస్తే ఇంకా గోరువెచ్చగా ఉంటుంది.

ఒంటి సంగతి కూడా చూద్దాం. మనిషి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతసేపు వేడి దానంతటదే బయటికి పోతుంది. గాలి చర్మాన్ని మించి కాగిందంటే ఇక చెమట ఒక్కటే దిక్కు. చెమట ఆరాలంటే ఒంట్లో నీళ్ళుండాలి, గుండె రక్తాన్ని చర్మం దాకా జోరుగా తోస్తూనే ఉండాలి. రాత్రి 38లో పడుకున్న ముసలావిడ గుండె నిద్రలో కూడా పని చేస్తూనే ఉందన్నమాట. ఫ్యాన్ ఉంది కదా అంటారు. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, ఎందుకంటే అప్పుడది ఒంటిని చల్లార్చదు, ఇంకా కాల్చుతుంది. మా ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే ఇస్త్రీ పెట్టె ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

అందుకే విదర్భలో ప్రతి ఇంటికీ కూలర్. ఏసీ కొనలేనివాడి ప్రాణం అదే. మార్చి రాగానే బజార్లో కూలర్ గడ్డి కట్టలు దిగుతాయి. పాత గడ్డి తీసేసి, జాలీలకు పట్టిన ఉప్పు పొరను సబ్బు నీళ్ళతో రుద్ది, కొత్త గడ్డి సమంగా పరచి వైరుతో కుట్టాలి. ఎక్కడైనా పలచబడిందంటే అక్కడినుంచే వేడి గాలి దూరుతుంది. మా ఇంట్లో ఈ పని బాపుది. ఇప్పుడు నేను చేస్తున్నాను. గాలి పొడిగా ఉన్నంత కాలం కూలర్‌ను మించింది లేదు, పెద్దగా కరెంటు కాల్చదు, గదిని పది డిగ్రీలైనా దించుతుంది. కాని కూలర్‌కు నీళ్ళు కావాలి. మా పాత కూలర్ రాత్రికి నాలుగైదు బకెట్లు తాగుతుంది.

ఆ నీళ్ళు ఎక్కడివి? మా బస్తీకి నల్లా ఎండాకాలంలో రోజు విడిచి రోజు వస్తుంది, ఒక్కోసారి మూడో రోజు. అది కూడా ముప్పావు గంట. రెండు డ్రములు, ఆరు బకెట్లు, నాలుగు బిందెలు నిండితే నిండినట్టు. తాగడానికి, వంటకు, గిన్నెలకు, స్నానానికి, లెట్రిన్‌కు అన్నీ అందులోనే. గల్లీ చివర చేదబావి ఉండేది, అది ఎండిపోయి ఎన్నేళ్ళయిందో. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని అంత లోతుకు దిగాక చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఎలా నిలుస్తాయి? నేను పోయిన రాత్రి పన్నెండింటికి అవ్వ లేచి కూలర్ మోటారు బటన్ ఆపేసి, వట్టి ఫ్యాన్ మాత్రం ఉంచింది. ఎందుకవ్వా అంటే, "రేపు నల్లా రాదు. తాగే నీళ్ళు గాలికి పోస్తమా?" అంది.

ఎండలకు ఒక శాఖ, కరువుకు ఇంకో శాఖ, ఒకదానికి హెచ్చరికలు, ఇంకోదానికి ట్యాంకర్లు. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకే బకెట్టు దగ్గర కలుస్తాయి. నీళ్ళు తగ్గినచోట వేడి ఎక్కువ చంపుతుంది, ఆ బకెట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ట్యాంకర్ లెక్క వేసేటప్పుడు మనిషికి ఇన్ని లీటర్లు అంటారు, తాగడానికి, వాడుకోవడానికి అని. ఒళ్ళు చల్లార్చుకోవడానికి ఎన్ని లీటర్లో ఆ లెక్కలో లేదు. 46 డిగ్రీల ఊళ్ళో తడిబట్ట కప్పుకుని పడుకోవడం, రాత్రి ఇంకోసారి ఒళ్ళు తడుపుకోవడం, కూలర్‌లో నీళ్ళు పోయడం విలాసాలా?

నీళ్ళు లేకపోతే కరెంటు కూడా ఉండదన్న సంగతి చంద్రపూర్ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి థర్మల్ కేంద్రం 2,920 మెగావాట్లది, మహారాష్ట్ర సర్కారు థర్మల్ కేంద్రాల్లో అన్నిటికంటే పెద్దది. దానికీ, ఊరికీ నీళ్ళిచ్చేది ఇరై డ్యామే. 2010 ఎండాకాలంలో ఆ డ్యాం అడుగంటి కేంద్రం కొన్నాళ్ళు మూతపడింది. 2016లో ఇదే రాష్ట్రంలో లాతూర్‌కు మిరజ్ నుంచి రైలుబండిలో తాగునీళ్ళు పంపారు, మొదటి బండిలో వచ్చినవి 5 లక్షల లీటర్లు. ఆ బండి ఫొటోలు చూసి మా బాపు చాలాసేపు మాట్లాడలేదు. బొగ్గు బండ్లు చూసిన కళ్ళకు నీళ్ళ బండి అంటే ఏమనిపించిందో.

బొగ్గు మాట ఎత్తాను కాబట్టి దాచుకోకుండా చెబుతాను. మమ్మల్ని చదివించింది ఆ బొగ్గే. ఆ బొగ్గు కాల్చడం వల్లనే భూమి కాగుతోందని కూడా నాకు తెలుసు. 1901 నుంచి 2018 మధ్య మన దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక చెప్పింది. 1901 నుంచి లెక్కలున్న ఏళ్ళలో అన్నిటికంటే వేడి సంవత్సరం 2024. 0.7 అంటే ఏముందిలే అనిపిస్తుంది. సగటు అంత జరిగితే, కొసన ఉన్న రోజులు ఎంత దూరం జరుగుతాయో మా ఊరొచ్చి చూడాలి. చంద్రపూర్‌లో 48 డిగ్రీలు కూడా నమోదైంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. మే 25న అది మొదలయ్యే రోజునే ఇక్కడి మరాఠీ వాళ్ళకు నవతపా మొదలు, తొమ్మిది రోజుల కాక. ఇరుగుపొరుగు రెండు భాషల వాళ్ళమూ ఆ తొమ్మిది రోజులు గడిస్తే చాలని లెక్కపెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఏప్రిల్ మొదట్లోనే ఆ లెక్క మొదలవుతోంది.

మరి బయట పడుకోవచ్చు కదా, మన పెద్దలంతా వాకిట్లో నులక మంచాలేసుకుని పడుకున్నవాళ్ళేగా అని నన్నడిగినవాళ్ళున్నారు. నిజమే. చిన్నప్పుడు క్వార్టర్ల ముందు వరసగా మంచాలు, నీళ్ళు చల్లిన నేల, బాపు చెప్పే కథలు. ఇప్పుడు మా గల్లీలో ఇంటికీ ఇంటికీ మధ్య మంచం పట్టేంత జాగా లేదు, ఉన్నచోట మోరీ, దోమలు. ఇక చంద్రపూర్ చుట్టూ అడవి, తాడోబా పులుల అడవి. ఊరి అంచు బస్తీల్లోకి చిరుతలు వచ్చి పోతుంటాయి. తునికాకు, ఇప్పపూల కాలంలో పులి బారిన పడి మనుషులు పోవడం ఈ జిల్లాలో ఏటా వినే వార్త. అడవి అంచున ఉన్నవాళ్ళు పసిపిల్లల్ని పెట్టుకుని ఆరుబయట ఎలా పడుకుంటారు? తలుపు వేసుకుని ఉడికిపోవాలి, లేదా తలుపు తీసి భయంతో మేలుకోవాలి.

నైట్ డ్యూటీ వాళ్ళ సంగతి ఇంకా ఘోరం. బాపు రాత్రి షిఫ్టు చేసి పొద్దున వస్తే, మేం పిల్లలం గట్టిగా మాట్లాడితే అవ్వ కళ్ళెర్రజేసేది. అప్పుడు క్వార్టర్ స్లాబు కింద కాబట్టి ఏదో నిద్రపోయేవాడు. ఇప్పుడు కాంట్రాక్టు డ్రైవర్లుగా చేస్తున్న మా గల్లీ పిల్లలకు క్వార్టర్లు లేవు. రాత్రంతా డంపర్ నడిపి వచ్చి, మే నెల పట్టపగలు రేకుల కింద పడుకుంటారు. మా పక్కింటి అబ్బాయిని చూశాను. తువ్వాల తడిపి ఛాతీ మీద వేసుకుంటాడు, పావుగంటలో ఆరిపోతుంది, లేచి మళ్ళీ తడుపుకుంటాడు. సాయంత్రం దాకా అదే పని. ఆ కళ్ళతో మళ్ళీ రాత్రి స్టీరింగ్ పట్టుకోవాలి.

పోయిన ఏడాది మా గల్లీలో ఒక పెద్దాయన నిద్రలోనే పోయాడు. ఆయన్ని మేం మామా అని పిలిచేవాళ్ళం. పగలు బయటికే పోలేదు. రాత్రి అన్నం సయించలేదన్నాడు, కాసిన్ని నీళ్ళు తాగి పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. కాగితం మీద హార్ట్ ఎటాక్ అని రాశారు. అబద్ధం అని నేననను, ఆగింది గుండే. కాని వరసగా ఎన్ని రాత్రులు ఆ గుండె ఆ వేడిని మోసిందో ఆ కాగితంలో రాసే గడి లేదు. వడదెబ్బ చావని ఒప్పుకోవాలంటే పోస్టుమార్టం కావాలి, రెవెన్యూ అధికారి, డాక్టరు కలిసి విచారణ చేయాలి. ఇంట్లో మంచం మీద పోయిన ముసలాయనకు పోస్టుమార్టం ఎవరు చేయిస్తారు? పొద్దెక్కకముందే తీసుకెళ్ళాలని అందరి తొందర.

లెక్క వేయాలనుకుంటే దారి లేకపోలేదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో వేడి 46.8 డిగ్రీలకు చేరింది. తర్వాత పరిశోధకులు వడదెబ్బ అని రాసిన కాగితాలు వెతుక్కుంటూ కూర్చోలేదు. ఆ నెలలో ఊళ్ళో మొత్తం ఎంతమంది పోయారో చూసి, ముందు, వెనక సంవత్సరాల మే నెలలతో పోల్చారు. 1,344 మంది ఎక్కువ. ఆ అంకె చూశాకే 2013లో అక్కడ ఎండల కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, దేశంలో ఒక నగరానికి అదే మొదటిది. అంతకు ముందు ఒడిశా 1998లో 2,042 మందిని పోగొట్టుకుని కళ్ళు తెరిచింది. బడి వేళలు మార్చడం, మిట్టమధ్యాహ్నం ఆరుబయట కూలి పని ఆపించడం, ఊరూరా జలఛత్రాలు, అంటే మన చలివేంద్రాలు, అక్కడ ఏటా జరిగే పనులయ్యాయి. మా నగర పాలికల్లోనూ మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. ఏప్రిల్, మే, జూన్ నెలల మొత్తం చావుల్ని పదేళ్ళ లెక్కలతో పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక గుమాస్తా, ఒక కంప్యూటర్ చాలు. ఆ పని చేయండి అని అడుగుతున్నాను. మా మామ అందులో ఒక అంకెగానైనా ఉంటాడు.

వాతావరణ శాఖకు రాత్రి సంగతి తెలియదని కాదు. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే 4.5 డిగ్రీలు మించితే దాన్ని వెచ్చని రాత్రి అని లెక్కిస్తారు, బులెటిన్లలో వేస్తారు కూడా. కాని అది టీవీలోకి, వాట్సాప్‌లోకి వచ్చేసరికి మిగిలేది గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే. పైగా వాళ్ళు కొలిచేది నీడలో, గాలి ఆడే చోట. రేకుల గది కొలత ఎవరి దగ్గరా లేదు.

పైకప్పు గురించి మన సొంత రాష్ట్రం ఒక అడుగు వేసింది, ఆ మాటా చెప్పాలి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత గాని, పెంకు గాని పైకప్పుకు ఉండాలని నియమం. నాకు సంతోషమే. కాని అది తప్పనిసరి ఎవరికి? సర్కారీ, వ్యాపార భవనాలకు, 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్ళకు. చిన్న ఇళ్ళకు ఇష్టమైతే చేసుకోవచ్చు. 600 గజాల ఇంటివాడికి ఎలాగూ ఏసీ ఉంటుంది. అందరికంటే ముందు పూత పడాల్సింది 60 గజాల రేకుల ఇంటి మీద, అదీ సర్కారు ఖర్చుతో. మహారాష్ట్రను నేను అడిగేదీ అదే. హోళీకి ముందు ఒక నెల పెట్టుకుని బస్తీల్లో పైకప్పులకు సున్నం వేయించండి, ఆ పని బస్తీ వాళ్ళకే ఇవ్వండి, కూలి వస్తుంది. వానలకు కొట్టుకుపోతుంది కదా అంటారు. పోతుంది, మళ్ళీ వేయాలి. దోమల మందు ఏటా కొట్టడం లేదా? ఇనుప రేకులకు సున్నం పట్టదు, వాటికి తుప్పు గీకి తెల్ల పెయింటు వేయాలి, ఖర్చు ఎక్కువే. అయినా ఒక మనిషిని ఆసుపత్రిలో నాలుగు రోజులు పెట్టిన ఖర్చు కంటే తక్కువ.

ఇంకో సంగతి, బస్తీలో సమాజ్ మందిర్ ఉంది, బడి ఉంది, మేలో బడికి సెలవులు. ఆ గదుల్లో నాలుగు పెద్ద కూలర్లు పెట్టి, ట్యాంకర్ నీళ్ళు పోయించి, ముసలివాళ్ళకు, బాలింతలకు రాత్రి పడుకోవడానికి తెరిచి ఉంచితే ఎంతమంది తెరిపిన పడతారు! రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు అవే గదులు పగలు. ఎండకు చల్లని గదులు అని ఎక్కడైనా పెట్టినా సాయంత్రం ఆరింటికి తాళం వేస్తారు. మాకు అప్పుడే కదా కావలసింది.

ఇవన్నీ సర్కారు చేసేదాకా ఆగలేక ఆ వారమే మా అవ్వ ఇంటి మీద పని మొదలుపెట్టాను. సున్నం రెండు బస్తాలు, అందులో ఫెవికాల్, మేస్త్రీ చెప్పిన కొలత. రాత్రే డ్రమ్ములో నానబెట్టి, పొద్దున ఐదున్నరకు పక్కింటి అబ్బాయి డ్యూటీ దిగి వచ్చి నిచ్చెన ఎక్కాడు. సిమెంటు రేకు మీద కాలు పెడితే పగులుతుందని పలక పరచి, దాని మీద నిలబడి పొడుగు కర్ర కుంచెతో కొట్టాడు. మొదటి పూతను రేకు చప్పున పీల్చేసుకుంది, తెలుపు కనబడలేదు. రెండో పూతకు తేలింది. ఎనిమిదింటికల్లా అయిపోయింది, అప్పటికే పైన నిలబడలేకపోయాడు. ఆ రాత్రి పదకొండింటికి థర్మామీటర్ చూస్తే 35. మూడు డిగ్రీలే. అవ్వ కూలర్ మోటారు వేసుకోలేదు, కిటికీ తెరిచి వట్టి గాలికే పడుకుంది, పొద్దున డ్రమ్ములో నీళ్ళు సగానికి పైగా ఉన్నాయి.

తెల్లారి ఎదురింటి అక్క వచ్చి పైకి చూసి, మిగిలిన సున్నం ఉందా అని అడిగింది. ఒక బకెట్టు ఉంది. ఆమె ఇంటికి సగం కప్పుకు కూడా రాదు. ఆమె అత్త పడుకునే వైపు కొట్టించుకుంటానంది, నిచ్చెన పట్టుకెళ్ళింది.